రోటాక్స్ 912కి బంకు పెట్రోలు పొయ్యొచ్చా?

రాయగడ రెక్కలు: అన్నలూ, రాయగడ దగ్గర ఒక ప్రైవేటు స్ట్రిప్పులో మా బావా నేనూ కలిసి కొన్న జెనిత్ 701 అనే చిన్న విమానం ఉంది. రెండు సీట్లు, 80 గుర్రాల రోటాక్స్ 912 ఇంజను. గడ్డి మీద, గులక నేల మీద దిగడానికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. ఇన్నాళ్ళూ టౌన్లో బంకు పెట్రోలే వడగట్టి పోసేవాళ్ళం. ఇప్పుడెక్కడ చూసినా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. వానలకి బండి షెడ్డులోనే ఉండిపోయింది. మొన్న ట్యాంకు డ్రెయిన్ చేస్తే సీసా అడుగున మబ్బుగా ఒక పొర కనబడింది. ఆవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) అంటే బావ ఖర్చు చూసి వెనకాడుతున్నాడు. ఏం చెయ్యమంటారు?

సిరొంచ శీను: పెట్రోల్లో నీళ్ళు పోసి కలిపితే ఇథనాల్ నీళ్ళతో దిగిపోతుందటగా. పైది తీసి వాడుకోవచ్చేమో?

బరంపురం మాస్టారు: శీనూ, ఆ పని ఎవరూ చెయ్యొద్దు. ఇథనాల్ పోతే దాంతోపాటు ఆక్టేన్ (పెట్రోలు వేళ తప్పి పేలకుండా ఆపే గుణం) కూడా పడిపోతుంది. అలా పేలి ఇంజను నాక్ అయితే పిస్టన్లు పోతాయి. విమానాల ఇంజన్లు విప్పి బిగించడమే నా బతుకంతా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రాయగడ బాబూ, రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ దాకానే. ఈ20 వద్దు. నువ్వు చూసిన పొర ఇథనాలూ నీళ్ళూ కలిసి కిందికి దిగినదే. ఇంజనుకి పెట్రోలు వెళ్ళేది ట్యాంకు అడుగునుంచే, కాబట్టి ముందు ట్యాంకులు పూర్తిగా ఖాళీ చెయ్యి. రబ్బరు గొట్టాలకి అయిదేళ్ళు దాటితే మార్చెయ్.

తర్వాత కార్బురేటర్లు, పెట్రోల్ని గాలితో కలిపేవి. కింది గిన్నెని పట్టుకునేది ఒక తీగ క్లిప్పే, వేలితో తోస్తే వచ్చేస్తుంది. లోపల పెట్రోలు మీద తేలుతూ దాని మట్టం చూసే ఫ్లోట్లు జతగా తీసి, తుడిచి, కంసాలి కాటా మీద పెట్టించు. జత 7 గ్రాములు దాటిందంటే పెట్రోలు పీల్చుకున్నట్టే. అవి మునుగుతాయి, గిన్నె పొంగుతుంది, ఐడిల్‌లో ఇంజను వణుకుతుంది. ఆ జత మళ్ళీ వాడకు.

ఆవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్‌ని ఇండియన్ ఆయిల్ 2022 నుంచి గుజరాత్ రిఫైనరీలోనే తయారుచేస్తోంది. నీ ఇంజనుకి అది పనికొస్తుంది. కాకపోతే అందులో సీసం ఉంటుంది. 912లో గేరుబాక్సుకీ ఇంజను నూనే కాబట్టి సీసం మడ్డి అక్కడా పేరుకుంటుంది. ఎక్కువగా ఆవ్‌గ్యాస్ మీదే ఎగిరితే నూనె 100 గంటలకి కాదు, 50 గంటలకే మార్చాలి. బావకి ఆ లెక్క కూడా ముందే చెప్పు.

నూనె కొలిచేటప్పుడు ఇంకో మాట. ఇగ్నిషన్ ఆపి ఉందని రెండుసార్లు చూసుకుని, ప్రొపెల్లర్ని చేత్తో తిరిగే దిక్కుకే తిప్పు. నూనె ట్యాంకులో గుడగుడమన్నాకే కొలపుల్ల తియ్యి. అంతదాకా కొంత నూనె ఇంజను అడుగునే ఉండిపోతుంది, కొలత తక్కువ చూపిస్తుంది.

రాయగడ రెక్కలు: మాస్టారూ, ట్యాంకులు ఖాళీ చేశాం. ఎడమ కార్బురేటర్ జత 7 దాటింది, కుడిది బాగానే ఉంది. అయినా రెండు జతలూ కొత్తవే తెప్పిస్తున్నాం. ఆవ్‌గ్యాస్‌కి బావ ఒప్పుకున్నాడు.

బరంపురం మాస్టారు: మంచిది నాయనా. కొత్తవి కూడా బిగించేముందు తూకం వేసి, ఆ అంకె లాగ్‌బుక్కులో రాసిపెట్టు.