దెయ్యాలను నమ్మనివారిని కూడా నగరంలో తిరిగే దెయ్యం కథలు ఎందుకు పట్టి నిలుపుతున్నాయి?

ప్రశ్న – రాత్రిపాఠకుడు

నేను దెయ్యాలను నమ్మను. చీకటి గదిలోకి వెళ్ళడానికి జంకే వయసు దాటి చాలా ఏళ్ళయింది. అయినప్పటికీ కొంతకాలంగా నేను చదువుతున్న నవలల్లోనూ చూస్తున్న సిరీస్‌లలోనూ సగానికి పైగా అతీంద్రియ కథలే, అందులోనూ ఇప్పటి నగరంలో, ఇప్పటి మనుషుల మధ్య జరిగేవే ఉంటున్నాయి. రాజులూ కోటలూ డ్రాగన్లూ ఉన్న నవల చేతికిస్తే యాభై పేజీలు దాటకుండానే పక్కన పెడతాను. అదే, నెలాఖరుకు అద్దె ఎలా కట్టాలా అని ఆలోచిస్తూ ఆఫీసు నుంచి ఆలస్యంగా బయలుదేరిన ఒక యువతి ఎక్కిన లిఫ్టు, ఆ భవనంలో లేని అంతస్తులో ఆగిందని కథ మొదలైతే తెల్లవారేదాకా వదలలేను. భయపడటంలో ఉండే సరదాయే దీనికి కారణమన్న జవాబు నాకు సరిపోవడం లేదు, ఎందుకంటే వీటిలో చాలా కథలు నన్ను భయపెట్టవు. మరి ఈ ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబు – గవాక్షం

మీరు చెప్పిన లిఫ్టులోనే జవాబు ఉందనిపిస్తోంది. కోట మనకు తెలియని చోటు కనుక అక్కడ ఏం జరిగినా ఒప్పేసుకుంటాం. లిఫ్టు సంగతి వేరు. ఏ బటన్ నొక్కితే ఎక్కడ ఆగాలో మన వేలికి కూడా తెలుసు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1919లో రాసిన ఒక వ్యాసంలో, ఈ రకమైన గగుర్పాటుకు జర్మన్ భాషలో ఉన్న మాటను విడదీసి చూపించాడు. ‘ఉన్‌హైమ్‌లిష్’ అన్న ఆ మాట, ఇంటికి చెందినది, పరిచితమైనది అన్న అర్థమున్న ‘హైమ్‌లిష్’కు వ్యతిరేక రూపం, అయితే ఆ ‘హైమ్‌లిష్’కే ఇతరుల కంట పడకుండా దాచినది అన్న రెండో అర్థం కూడా ఉంది. పరాయిది వచ్చి మీద పడటం కన్నా, మనదే అనుకున్న చోటు ముఖం మార్చుకోవడం మనిషిని ఎక్కువ కలవరపెడుతుంది.

ఇది ఇప్పటి రచయితలు కొత్తగా కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ను పాత కోటల కథగా గుర్తుపెట్టుకుంటాం గానీ, వెలువడిన ఏడాదిలో అది పూర్తిగా సమకాలీన నవల. అందులో డాక్టరు తన డైరీని ఫోనోగ్రాఫులో మాట్లాడి భద్రపరుస్తాడు, కథానాయిక మీనా ఆ మాటలన్నింటినీ టైపు చేస్తుంది, టెలిగ్రాములు అటూ ఇటూ పరుగులు తీస్తాయి, నలుగురు మగవాళ్ళ రక్తాన్ని ఒకరి తరువాత ఒకరిది తీసి ఒకే యువతికి ఎక్కిస్తారు. రక్తంలో గ్రూపులు ఉన్నాయన్న సంగతి కార్ల్ లాండ్‌స్టైనర్ పరిశోధనల వల్ల తెలిసింది ఆ తరువాతే, 1901 నాటికి. మనకు పాతబడిన ఆ యంత్రాలు ఆనాటి పాఠకులకు నేటి లిఫ్టుల వంటివి, ఫోన్ల వంటివి.

జవాబు – సాలభంజిక

గవాక్షం గారితో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. చోటు పరిచితమైనంత మాత్రాన కథ నిలబడదు. అతీంద్రియ శక్తికి ఒక కట్టుబాటు ఉండాలి, ఆ కట్టుబాటు మనిషిని ఇరకాటంలో పెట్టాలి. బేతాళ కథలను గుర్తు చేసుకోండి. విక్రమార్కుడు నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది; జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన ఆ కథలను ఇప్పటికీ చదివిస్తున్నది, నన్నడిగితే, శ్మశానం కన్నా ఎక్కువగా ఆ రెండు షరతుల మధ్య రాజు ఎటూ తప్పుకోలేకపోవడమే.

దీని పక్కన 1991లో జపాన్ రచయిత కోజీ సుజుకీ రాసిన ‘రింగ్’ను పెట్టి చూడండి. (ఆ కథ ఇంకా చదవనివారు ఈ పేరాను దాటవేయండి.) ఒక వీడియో టేపు చూసినవారు వారం రోజుల్లో చనిపోతారు, టేపుకు నకలు తీసి మరొకరికి చూపించినవారు బతుకుతారు. శాపం ప్రయాణించే దారి మాత్రమే కొత్తది. నా ప్రాణం కాపాడుకోవడానికి ఇంకొకరిని ప్రమాదంలోకి నెట్టవచ్చునా అన్న ప్రశ్న, బేతాళుడు అడగదగిన ప్రశ్నే. పైగా నకలు తీయడం ఇంట్లోనే సాధ్యమైన కాలంలో తప్ప ఈ షరతు పుట్టలేదు. ఆధునికత ఇక్కడ కథకు నేపథ్యంగా కాక ఇరుసుగా పనిచేస్తోంది.

నియమాలు కాలంతో మారవచ్చు. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగటిపూట లండన్‌లో తిరుగుతాడు. ఎండ సోకితే పిశాచం నశిస్తుందన్నది 1922 నాటి మూకీ చిత్రం ‘నోస్‌ఫెరాటు’ ద్వారా వ్యాపించిన నియమం. కానీ ఒకే కథలో మధ్య దారిలో నియమం మారిస్తే క్షమించలేం. మూడు వందల పేజీల పాటు ఇనుముకు లొంగిన శక్తి, చివరి అధ్యాయంలో రచయిత అవసరం కొద్దీ లొంగకుండా పోతే, అది పాఠకుడికి ఇచ్చిన మాట తప్పడమే.

జవాబు – పొగమంచు

నాకు కొంత అభ్యంతరం ఉంది. నియమాలు మరీ చక్కగా అమరిపోయిన కథలో వింత మిగలదు. దీర్ఘంగా సాగే సిరీస్‌లు చాలావరకు ఇలాగే చెడిపోవడం చూశాను. మొదటి భాగంలో గోడ మీద కదిలిన నీడకు, మూడో భాగం వచ్చేసరికి జాతి, వంశం, బలహీనత, చివరికి పై అధికారి కూడా ఏర్పడతాయి. ఆ తరువాత మిగిలేది నేరపరిశోధన. అదీ చదవదగినదే గానీ, రాత్రిపాఠకుడు గారు అడుగుతున్న ఆకర్షణ అది కాదనుకుంటాను.

అమెరికన్ రచయిత ఫ్రిట్జ్ లైబర్ 1941లో ప్రచురించిన ‘స్మోక్ ఘోస్ట్’ అనే కథను చూడమని కోరుతున్నాను. పని ముగించుకుని రైల్లో ఇంటికి వెళ్ళే ఒక ఉద్యోగికి, దారిలోని ఇళ్ళ కప్పుల మీద మసి పట్టిన మూట వంటి ఆకారం కనిపిస్తుంది. అది క్రమంగా దగ్గరవుతుంది. ఏ పాత గ్రంథంలోనూ దాని పేరు లేదు. ఫ్యాక్టరీల పొగ, ఆ కాలపు మనుషుల ఆందోళన కలిసి దాన్ని పుట్టించాయి. పాత పిశాచానికి తోలు జాకెట్టు తొడిగి వీధి దీపం కింద నిలబెట్టడం ఒకటి, నగరమే తన సొంత దెయ్యాన్ని కనడం మరొకటి. ఇలాంటి నగరపు అతీంద్రియ కథలకు వాడే అర్బన్ ఫాంటసీ అన్న పేరు రెండోదానికే తగునని నా అభిప్రాయం. పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియకుండానే ఏళ్ళు గడిచిపోయే చోట, మనల్ని గమనిస్తున్నది ఒకటి ఉందన్న ఊహలో భయంతో పాటు ఏదో ఊరట కూడా ఉంటుంది. నేను ఈ కథల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళేది ఆ ఊరట కోసమే.

రాత్రిపాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పొగమంచు గారు ఫ్లాటు గురించి రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా పై అంతస్తులో రాత్రి పదకొండు దాటాక కుర్చీ జరిపిన చప్పుడు ఆరేళ్ళుగా వింటున్నాను గానీ, ఆ మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. లిఫ్టు కథ నన్ను ఎందుకు అంతగా పట్టుకుందో ఇప్పుడు కొంత అర్థమవుతోంది.

సాలభంజిక గారికి ఒక ప్రశ్న. జవాబు చెప్పకపోతే తల ఎందుకు పగలాలో బేతాళుడు విడమరచి చెప్పడు. షరతు మాత్రం సడలదు. అలా నియమాన్ని గట్టిగా నిలబెట్టి, దాని కారణాన్ని చీకట్లోనే ఉంచిన నేటి నగర కథలు మీ దృష్టికి వచ్చి ఉంటే దయచేసి తెలియజేయండి.