స్కూలు బస్సును ఇల్లుగా మార్చుకున్నాం, ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకు పెడల్ నేల దాకా పోతోంది, దయచేసి ఎవరైనా చెప్పండి

కొండదారి:
పొద్దున పది గంటల నుంచి రోడ్డు పక్కనే ఉన్నాం, ఇప్పుడు మూడు దాటింది. పాత స్కూలు బస్సు కొని, రెండేళ్లు కష్టపడి లోపల ఇల్లు కట్టుకున్నాం. మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు అన్నీ ఉన్నాయి. మైదానంలో వేల కిలోమీటర్లు తిరిగాం, ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. ఈ రోజు దిగడం మొదలుపెట్టిన పావుగంటకే కాలిన వాసన. కాసేపటికి పెడల్ మెత్తబడింది. చివరి మలుపులో నేలకు ఆనింది. నాలుగైదు సార్లు గబగబా తొక్కితే కొంచెం పట్టింది, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎలాగో ఆపాను. బయలుదేరే ముందే బ్రేకు లైనింగులు (రాపిడితో ఆపే పట్టీలు) చూపించాను, బాగున్నాయన్నారు. ఇంకా సగం దారి దిగాలి. పిల్లలు బస్సులోనే ఉన్నారు. లోపం ఎక్కడుంది?

లారీచక్రం:
ఏ గేరులో దిగారు?

తూకంరాయి:
ముందు బరువు సంగతి చెప్పండి. బస్సును ఇల్లుగా మార్చేవాళ్లు సీట్లు తీసేశాం కదా, తేలికైందని అనుకుంటారు. తర్వాత చెక్క పలకలు, బ్యాటరీలు, పైకప్పు మీద సామాను, నీళ్లు ఒక్కొక్కటే ఎక్కిస్తారు. లీటరు నీళ్లంటే కిలో బరువు. పది టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 145 లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అందులో ఇంజిను, గాలి ఆపగలిగినంత పోగా మిగిలిందంతా మీ బ్రేకుల్లో వేడిగా చేరుతుంది. లైనింగులు కొత్తవైనా, పాతవైనా ఆ లెక్క మారదు. నా బస్సును మూడుసార్లు తూయించాను. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా రాసి పెట్టుకున్నాను. దయచేసి అందరూ ఆ పని చేయండి.

కొండదారి:
నీళ్లు 400 లీటర్లు ఉన్నాయి, ట్యాంకు వెనక చివర ఉంది. బరువు సంగతి ఇల్లు చేరాక చూసుకుంటాను, ఇప్పుడు కిందికి ఎలా దిగాలో చెప్పండి. చక్రాలు ఇంకా చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. ఆ నీళ్లే పోసి చల్లార్చనా?

లారీచక్రం:
వద్దు. వేడి ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. చక్రాలకు అడ్డంగా రాళ్లో దుంగలో పెట్టి, దానంతటది చల్లారనివ్వండి. గేరు సంగతి మీరు ఇంకా చెప్పలేదు.

గాలిగొట్టం:
పెడల్‌ను అలా గబగబా తొక్కడం ప్రాణాంతకం! తొక్కిన ప్రతిసారీ గాలి బ్రేకు ట్యాంకులోని గాలి ఖర్చవుతుంది. గాలి ఒత్తిడి 60 పీఎస్‌ఐ దగ్గరకు పడితే హెచ్చరిక మోగుతుంది, ఇంకా పడితే స్ప్రింగు బ్రేకులు (గాలి పోతే స్ప్రింగు బలంతో పట్టేవి) వాటంతటవే పట్టేస్తాయి. మలుపులో అవి హఠాత్తుగా పట్టేస్తే బండి మీ చేతిలో ఉండదు. మీ గాలి ముల్లు ఎంత చూపించింది?

కొండదారి:
గాలి ముల్లు ఎక్కడుంటుంది? డ్యాష్‌బోర్డు మొత్తం చూశాను. స్పీడు, డీజిలు, వేడి, ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ, అంతే.

పాతపానా:
గాలిగొట్టం గారూ, ఆయనది గాలి బ్రేకు కాదు, హైడ్రాలిక్, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసేది. గాలి బ్రేకులో పెడల్ ఇలా మెత్తబడి నేలకు ఆనదు. ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఇంత చర్చ అవసరం లేకపోయేది.

కొండదారి గారూ, మీ బ్రేక్ ఆయిల్ మరిగింది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 (బ్రేక్ ఆయిల్ ప్రమాణాల్లో ఒకటి) రకం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం ప్రకారమే ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. మీరు తొక్కేది ఆ బుడగల్ని, బ్రేకును కాదు. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడుతుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఆయిల్ మొత్తం మార్చందే ఒక్క మలుపు కూడా దిగకండి. ఆఖరుసారి ఎప్పుడు మార్పించారు?

కొండదారి:
బస్సు కొన్నాక మార్పించలేదు. మార్చాలని ఎవరూ చెప్పలేదు.

పదశోధన:
ఒక్క సవరణ. దాన్ని ‘బ్రేక్ ఆయిల్’ అనకండి, అది నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ జాతి ద్రవాలు. పేరును నమ్మి నిజంగా నూనె పోసినవాళ్లను చూశాను. రబ్బరు సీళ్లు ఉబ్బి, బ్రేకుల వ్యవస్థ అంతా విప్పి మార్చాల్సి వచ్చింది. ‘బ్రేక్ ద్రవం’ అనండి.

పాతపానా:
ముప్పై ఏళ్లుగా నా చేతికిచ్చిన ప్రతి డబ్బానూ బ్రేక్ ఆయిల్ అనే అడిగాను, సరైనదే ఇచ్చారు. రోడ్డు మీద నిలబడి దుకాణానికి ఫోను చేసే మనిషికి వాళ్లకు అర్థమయ్యే పేరే చెప్పాలి.

పదశోధన:
దుకాణంవాళ్లకు తెలుసు, సరే. రాత్రిపూట డిక్కీలో ఉన్న డబ్బా తీసి పోసే కొత్తవాళ్లకు తెలియదు. నా బాధ వాళ్ల గురించే.

లారీచక్రం:
గేరు.

కొండదారి:
క్షమించండి, ఆటోమేటిక్ కదా, అందుకే గేరు గురించి రాయలేదు. మొదటి నుంచీ ‘డి’ (డ్రైవ్)లోనే ఉంచాను. వేగం పెరగకుండా కాలు బ్రేకు మీదే పెట్టి దిగాను. గేర్‌బాక్స్ మీద ‘ఎలిసన్ ఏటీ545’ అని ఉంది.

లారీచక్రం:
దొరికింది. ఆ గేరు పెట్టెలో టార్క్ కన్వర్టర్‌కు (ఇంజినునూ గేర్‌బాక్స్‌నూ ద్రవంతో కలిపే భాగం) లాకప్, అంటే రెంటినీ జారకుండా బిగించే ఏర్పాటు, ఉండదు. చక్రాలకూ ఇంజినుకూ మధ్య ద్రవం జారుతూనే ఉంటుంది, అందుకే ఇంజిను బండిని గట్టిగా పట్టి ఆపలేదు. డీజిల్ ఇంజినుకు సొంతంగా ఆపే శక్తి మామూలుగానే తక్కువ. దానికి తోడు మీరు ‘డి’లో పెట్టారు. భారమంతా బ్రేకుల మీదే పడింది.

ఇక మీదట వాలు మొదలవకముందే కింది గేరు వేసుకోండి. మలుపులున్నచోట సైకిలు కన్నా కొంచెం వేగం చాలు. అనుకున్న వేగం దాటగానే బ్రేకు ఒకసారి గట్టిగా నొక్కి, ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గాక పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన కొద్ది సెకన్లలోనే వేడి బయటికి పోతుంది. పాదం ఆనించి ఉంచితే ఆ అవకాశం ఉండదు. వెనక ఎంతమంది హారన్ కొట్టినా తొందరపడకండి, పక్కకు తీసి దారి ఇవ్వండి.

తూకంరాయి:
ట్యాంకులోని 400 లీటర్లు అక్కడే వదిలేయండి. పిల్లల్ని వేరే బండిలో కిందికి పంపండి.

గాలిగొట్టం:
హైడ్రాలిక్ అని తెలియక గాలి బ్రేకు సూత్రం చెప్పాను, పాతపానా గారి మాటే సరైనది. అయినా గాలి బ్రేకు బస్సులున్నవాళ్లు నేను రాసింది మరిచిపోవద్దు. ఇంతకీ ఈ పెట్టె ఉన్న బస్సుకు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని మూసి ఇంజినుతో బండిని నెమ్మదింపజేసేది) బిగిస్తే పనికొస్తుందా?

లారీచక్రం:
లాకప్ లేకుండా పూర్తి ఫలితం రాదు.

గాలిగొట్టం:
మరి లాకప్ ఉన్న ఎంటీ643 పెట్టె దానికి అమర్చవచ్చా? ఎవరైనా చేశారా?

కొండదారి:
మెకానిక్ వచ్చి ద్రవం మారుస్తున్నారు. గొట్టంలోంచి టీ డికాక్షన్ రంగులో వచ్చింది. పిల్లలు కారులో దిగిపోయారు. అందరికీ ధన్యవాదాలు, ఫోనులో ఛార్జింగ్ అయిపోతోంది.

తూకంరాయి:
దిగాక ఒకసారి తూయించి, ఎంత వచ్చిందో రాయండి.

గాలిగొట్టం:
ఎంటీ643 గురించి తెలిసినవాళ్లు ఎవరూ లేరా?