రోజూ తిరిగే ఎస్‌యూవీకి చవకైన ఆఫ్ రోడ్ టైర్లు వేయించడం సబబేనా?

నిత్యప్రయాణి:
వారంలో ఆరు రోజులు నా బండి తారు రోడ్డు మీదే తిరుగుతుంది. నెలకు రెండు మూడు సార్లు మాత్రం కంకర దారిలో, వానాకాలమైతే బురదలో, ఇరవై ముప్పై కిలోమీటర్లు పోవలసి వస్తుంది. బండితో వచ్చిన 265/65 ఆర్ 17 (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 17 అంగుళాలు) హైవే టైర్లు అరిగిపోయాయి, కొత్తవాటికి ఎక్కువ డబ్బు పెట్టే స్థితిలో నేను లేను. చవకగా దొరుకుతున్న మడ్ టెర్రైన్ (బురద నేల కోసం చేసిన) టైర్లను, అదీ ఒక సైజు పెంచి 265/70 ఆర్ 17లో, వేయించుకోమని కొందరు మిత్రులు అంటున్నారు. ఈ సలహా ఎంతవరకు సరైనదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

తారుబాట:
ఆ సలహా పాటించవద్దని గట్టిగా చెబుతాను. మడ్ టెర్రైన్ టైరులో ట్రెడ్ (నేలకు ఆనే పైభాగం) దిమ్మలు పెద్దవిగా, వాటి మధ్య ఖాళీలు వెడల్పుగా ఉంటాయి. బురదను విదిలించడానికి అది మేలే. కానీ తారు మీద ఆనే రబ్బరు తగ్గిపోతుంది, బ్రేకు వేసినప్పుడు ఎత్తైన దిమ్మలు వంగుతాయి, తడి రోడ్డు మీద ఆగే దూరం పెరుగుతుంది. చవక రకాల్లో తడి పట్టు కోసం కలిపే మేలురకం రబ్బరు మిశ్రమాన్ని ఆశించలేము కాబట్టి ఈ లోపం ఇంకా ఎక్కువవుతుంది. బురదలో కూరుకుపోయిన బండిని తాడు కట్టి లాగించుకోవచ్చు, తడి రోడ్డు మీద ఆగవలసిన చోట ఆగని బండిని ఏ తాడూ ఆపలేదు. నా మాట వింటే మంచి హైవే టైర్లే మళ్లీ వేయించి, మిగిలిన డబ్బుతో ఒక గాలి మీటరు, చిన్న కంప్రెసర్ కొనుక్కోండి. మెత్తని నేలలో గాలిని 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే నేలకు ఆనే భాగం పొడవై, మామూలు టైరు కూడా మీరు ఊహించనంత దూరం పోతుంది.

గరుకుదారి:
మడ్ టెర్రైన్ వద్దన్నంతవరకు తారుబాట గారితో ఏకీభవిస్తాను, హైవే టైర్లే చాలునన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. ఆయన బురద గురించే ఆలోచించారు, నిత్యప్రయాణి గారి దారిలో కంకర కూడా ఉంది. నేనూ అలాంటి దారిలో హైవే టైర్లతో తిరిగి, ఒకే ఏడాదిలో రెండు టైర్ల సైడ్‌వాల్ (పక్క గోడ) కోయించుకున్నాను. ట్రెడ్‌లో మేకు దిగితే పంక్చర్ వేయించుకోవచ్చు గానీ, సైడ్‌వాల్ కోసుకుపోతే ఆ టైరు నిన్ననే కొన్నదైనా పారవేయవలసిందే. పైగా రాళ్ల దారిలో గాలి మరీ తగ్గిస్తే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి, రాతి అంచుకు మరింత దగ్గరవుతుంది. అందువల్ల గాలి తగ్గించే ఉపాయం ఇసుకకూ మెత్తని నేలకూ పనికివచ్చినంతగా కంకరకు పనికిరాదు.

ఆల్ టెర్రైన్ టైరు హైవే, మడ్ టెర్రైన్ రకాల రెండింటికీ మధ్యస్థమైనది. అయితే ఆ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. ట్రెడ్ మధ్యభాగంలో దిమ్మలు దగ్గరగా ఉండి, వాటి మీద సన్నని చీలికలు నిండుగా ఉన్నదాన్ని ఎంచుకోండి, తడి రోడ్డు మీద ఆ చీలికల అంచులే పట్టునిస్తాయి. సైడ్‌వాల్ మీద ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న గుర్తు చూసి మోసపోవద్దు, అది ట్రెడ్ ఆకృతిని బట్టి తయారీదారు వేసుకునేదే. మూడు శిఖరాల నడుమ మంచు పువ్వు ఉన్న గుర్తు పరీక్షలో నెగ్గితేనే వస్తుంది, కానీ ఆ పరీక్ష కూడా మంచు మీద పట్టుకే తప్ప తడి తారు మీద బ్రేకుకు కాదు.

సైజు మార్చవద్దు. 265/65 నుంచి 265/70కి వెళితే టైరు మొత్తం ఎత్తు సుమారు 776 మిల్లీమీటర్ల నుంచి 803కి పెరుగుతుంది. స్పీడోమీటరు అంతకుముందు చూపిన దానికంటే మూడు శాతానికి కాస్త మించి తక్కువ చూపుతుంది, టైరు చక్రపు గూడుకు రాసుకునే ప్రమాదమూ ఉంటుంది.

తారుబాట:
సైడ్‌వాల్ విషయంలో మీ అనుభవాన్ని కాదనను. కానీ గట్టి సైడ్‌వాల్ అనగానే చాలామంది ఎల్‌టీ రకం (లైట్ ట్రక్కుల కోసం చేసినవి), లోడ్ రేంజ్ ‘E’ (ఎక్కువ బరువు మోసే తరగతి) టైర్లు కొంటారు. అవి బరువైనవి, అదే బరువు మోయడానికి వాటికి మామూలు టైరు కంటే ఎక్కువ గాలి పెట్టాలి, ఖాళీ బండిలో ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. మైలేజీ తగ్గడం సరేసరి.

గరుకుదారి:
నిజమే, అందుకే నేను ఎల్‌టీ చెప్పలేదు. ఈ వాడకానికి ప్యాసింజర్ రకం (మామూలు కార్ల కోసం చేసే) ఆల్ టెర్రైన్ చాలు. లోడ్ ఇండెక్స్ మాత్రం పాత టైరు మీద ఉన్న సంఖ్యకు తగ్గకూడదు. ఉదాహరణకు 112 అంటే ఒక్కో టైరు 1120 కిలోలు మోయగలదని అర్థం. చవకతనాన్ని బిల్లులో కాకుండా కిలోమీటర్లలో లెక్కించండి: ధర నాలుగో వంతు తక్కువైన టైరు మూడో వంతు ముందే అరిగిపోతే, కిలోమీటరుకు అదే ఎక్కువ ఖర్చు. తగ్గింపు ధరకు ఇస్తున్నారంటే తయారీ తేదీ కూడా చూడండి, సైడ్‌వాల్ మీది డాట్ కోడ్ చివర 2323 అని ఉంటే అది 2023లో 23వ వారంలో తయారైనది.

నిత్యప్రయాణి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత సైజులోనే, ప్యాసింజర్ రకం ఆల్ టెర్రైన్ తీసుకుంటాను, గాలి మీటరు కూడా కొంటాను. ఒక్క సందేహం మిగిలింది. ఇప్పుడు రెండు టైర్లు, ఆరు నెలల తరువాత మిగతా రెండు వేయించవచ్చా?

తారుబాట:
మీది నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి వెళ్లే బండి అయితే వద్దు. కొత్త, అరిగిన టైర్ల చుట్టుకొలతలో తేడా వల్ల ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే మధ్య డిఫరెన్షియల్ లేదా క్లచ్ నిరంతరం శ్రమపడి పాడవుతుంది, ఆ మరమ్మతుకు నాలుగు టైర్ల ధరకు మించి ఖర్చు కావచ్చు. రెండు చక్రాలకే శక్తి వెళ్లే బండి అయితే కొత్తవి రెండూ వెనుక వేయించండి, తడి మలుపులో వెనుక భాగం జారితే సామాన్య డ్రైవరుకు బండి అదుపులోకి రాదు. నన్నడిగితే ఆరు నెలలు ఆగి, నాలుగూ ఒకేసారి వేయించండి. అయితే ఇప్పుడున్న వాటి ట్రెడ్ లోతును ఈ రోజే కొలిచి చూడండి, అది 1.6 మిల్లీమీటర్లకు చేరువై ఉంటే ఆరు నెలలు కాదు, వచ్చే వానదాకా కూడా ఆగవద్దు.