శనివారమా, ఆదివారమా? క్రైస్తవులకు విశ్రాంతి దినం ఏది?

బందరు తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది మూడు తరాలుగా ఆదివారం గుడికి వెళ్లే ఇల్లు. పోయిన ఏడాది అన్నయ్యకు పెళ్లయింది, వదినవాళ్లు సబ్బాతు, అంటే శనివారం విశ్రాంతి దినం, పాటించేవాళ్లు. శుక్రవారం ఐదు కొట్టేసరికి వదిన పప్పు, కూర, రసం అన్నీ చేసి మూతలు పెట్టేస్తుంది. స్టవ్ తుడిచేసి, పొద్దు గూకాక ఇంక వెలిగించదు. మా అమ్మకేమో వేడన్నం లేకపోతే ముద్ద దిగదు. శనివారం తనే లేచి వండుకుంటుంది, పైకి ఏమీ అనదు కానీ మనసులో పెట్టుకుంటుంది. మర్నాడు వదిన బట్టలు ఉతకడం మొదలెడితే "ప్రభువు దినాన ఆ చప్పుడేంటమ్మా" అంటుంది. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ చూపించేది ఒకే బైబిలు. మధ్యలో అన్నయ్యకు టెన్షన్. వాక్యం ప్రకారం ఏ రోజో చెప్పండి. "మనసు మంచిదైతే చాలు" అనే జవాబు మాత్రం వద్దు, అది ఇంట్లో చాలాసార్లు విన్నాను.

నూజివీడు అక్క:
తమ్ముడూ, మీ వదిన చేస్తున్నదే సరైనది. నిర్గమకాండము 20లో పది ఆజ్ఞలు తీసి చదువు, నాలుగో ఆజ్ఞలో ఏడవ దినము అని ఉంది, వారంలో ఏదో ఒక రోజు అని లేదు. అది మోషేతో మొదలైంది కూడా కాదు, ఆదికాండము 2లో దేవుడు ఏడో రోజును ఆశీర్వదించినప్పుడు భూమ్మీద యూదులే లేరు. యేసు ప్రభువు "తన వాడుక చొప్పున" విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లాడని లూకా 4:16 చెబుతోంది. మార్చమని ఆయన ఎక్కడ చెప్పాడు? మార్చింది మనుషులు. క్రీ.శ. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారం సెలవని చట్టం చేశాడు, అదీ పట్నాలవాళ్లకే, పొలం పనికి మినహాయింపు ఇచ్చాడు. దేవుడి ఆజ్ఞలో అయితే ఎద్దుకు కూడా సెలవుంది.

పాస్టరుగారబ్బాయి:
అక్కా, కాన్‌స్టాంటైన్ మార్చాడన్నది చాలామంది చెప్పే మాటే గానీ నిలబడదు. అతనికి సుమారు 170 ఏళ్ల ముందే జస్టిన్ అనే విశ్వాసి, తర్వాత హతసాక్షి అయినవాడు, ఊళ్లలోవాళ్లూ పట్నంవాళ్లూ ఆదివారం ఒక చోట కూడుకుంటామని, ప్రభువు ఆ రోజు లేచాడు కాబట్టి అని రోమా చక్రవర్తికే రాశాడు. అప్పటికి ఏ రాజూ వీళ్లకు సెలవు ఇవ్వలేదు, పైగా హింస ఉంది. త్రోయ పట్టణంలో పౌలూ విశ్వాసులూ రొట్టె విరవడానికి కూడింది ఆదివారమే (అపొస్తలుల కార్యములు 20:7), కానుక దాచిపెట్టమని పౌలు కొరింథీయులకు చెప్పిందీ ఆదివారమే. పోతే కొలొస్సయులు 2:16 చూడండి, విశ్రాంతి దినం విషయంలో మీకు తీర్పు తీర్చే అవకాశం ఎవరికీ ఇవ్వొద్దంటున్నాడు.

నూజివీడు అక్క:
బ్రదర్, ఆ త్రోయ సంగతే చూద్దాం. మన తెలుగు బైబిల్లో "ఆదివారమున" అని అచ్చయింది కానీ గ్రీకులో ఉన్న మాటకు అర్థం వారపు మొదటి రోజు అని. యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది. ఆ మేడగదిలో చాలా దీపాలున్నాయి, పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడాడు, ఐతుకు అనే కుర్రవాడికి నిద్రపట్టి కిటికీలోంచి పడ్డాడు. అంటే అది మన లెక్కలో శనివారం రాత్రి. తెల్లారాక, అంటే ఆదివారం పగలు, పౌలు అస్సు అనే ఊరికి కాలినడకన బయల్దేరాడు. ఆదివారం పవిత్ర విశ్రాంతి దినమైతే అంత ప్రయాణం పెట్టుకుంటాడా? నాలుగో శతాబ్దంలో లవొదికయలో కూడిన సంఘపెద్దల సభ శనివారం పని మానకూడదని క్రైస్తవులకు నియమం పెట్టింది. ఎవరూ పాటించకపోతే వద్దనాల్సిన పనేముంది?

పాస్టరుగారబ్బాయి:
ఆ రాత్రి లెక్క మీరు చెప్పినట్టు కావచ్చు, ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను, మా సంఘంలో కొందరికి నచ్చకపోయినా సరే: ఆదివారం సబ్బాతు కాదు. సబ్బాతు శనివారమే, ఎప్పటికీ. సబ్బాతు ఆదివారానికి మారిందన్నది పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులోని ప్యూరిటన్లు అనే కఠిన నిష్ఠ గల ప్రొటెస్టంట్లు గట్టిగా నిలబెట్టిన బోధ, వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణంలో రాసుకున్నారు, ఆ పద్ధతి మిషనరీలతో మన దాకా వచ్చింది. కాబట్టి తమ్ముడూ, మీ వదిన ఆదివారం బట్టలు ఉతికితే పాపం కాదు, అమ్మగారికి మెల్లగా చెప్పు. మాకు ఆదివారం పునరుత్థానాన్ని ఆరాధించే రోజు. పాత నిబంధన విశ్రాంతి క్రీస్తులో నెరవేరింది.
అయితే అక్కా, శనివారమే అని పట్టుబట్టేవాళ్లు సమోవా దీవుల సంగతి ఆలోచించాలి. 2011 డిసెంబరులో ఆ దేశం అంతర్జాతీయ తేదీ రేఖకు అవతలి వైపుకు మారింది, 29 గురువారం తర్వాత నేరుగా 31 శనివారం. శనివారం సబ్బాతు పాటించే అక్కడి సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘం అప్పటినుంచి, క్యాలెండరులో ఆదివారం అని ఉన్న రోజునే సబ్బాతుగా పాటిస్తోంది, పాత లెక్కలో అదే ఏడో రోజు కాబట్టి. ఒప్పుకోని కొందరు విడిపోయి క్యాలెండరులోని శనివారమే ఉంచుకున్నారు. ఏడో రోజు ఏదో ఎవరు లెక్క పెట్టాలి?

నూజివీడు అక్క:
లెక్క కష్టమైన చోట కూడా వాళ్లు ఏడో రోజునే వెతుక్కున్నారు కదా బ్రదర్, వదిలెయ్యలేదు. బందరులో ఆ ఇబ్బంది లేదు. క్రీస్తులో నెరవేరింది కాబట్టి నాలుగో ఆజ్ఞ పోయిందంటే, మిగతా తొమ్మిదీ ఎందుకు ఉంచుకున్నారు?

కువైట్ డ్రైవరు:
అక్కా, అన్నా, ఇద్దరికీ వందనాలు. నాది కడప జిల్లా, ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవర్ని. మా తెలుగు ఆరాధన శుక్రవారం. ఎందుకంటే సెలవు ఆ రోజే. ఒక్క గదిలో చాపలు వేసుకుని కూర్చుంటాం, ఇళ్లలో పనిచేసే అక్కలు కొందరు వస్తారు, కొందరిని యజమానులు శుక్రవారం కూడా బయటికి పంపరు, వాళ్లు బాత్రూములో ఫోను పెట్టుకుని పాటలు వింటారు. వాళ్లకు శనివారమా ఆదివారమా అని నేనేం చెప్పను? ద్వితీయోపదేశకాండము 5లో అదే ఆజ్ఞ ఇంకోసారి ఉంది, చూడండి. నీలాగే నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలి, నువ్వు ఐగుప్తులో దాసుడివి, జ్ఞాపకం చేసుకో అన్నాడు. పైన మీరు ఇద్దరూ చాలా వచనాలు పెట్టారు, ఈ వచనం ఎవరూ పెట్టలేదు. తమ్ముడూ, మీ ఇంట్లో గిన్నెలు తోమడానికి ఎవరైనా వస్తారా? ఆమెకు ఏ రోజు సెలవు?

బందరు తమ్ముడు:
వస్తుంది అన్నా. రోజూ వస్తుంది. శనివారం వదిన పని ముట్టదు కాబట్టి శుక్రవారం రాత్రి గిన్నెలన్నీ ఆవిడకే మిగుల్తాయి. ఆదివారం మేం గుడికి పోతూ తాళంచెవి పూలకుండీ కింద పెట్టి వెళ్తాం, మేం వచ్చేసరికి తోమి బోర్లించి ఉంటుంది. పదకొండేళ్లుగా వస్తోంది, ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మీది చదివి ఇప్పుడే అమ్మకూ వదినకూ వినిపించాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ, "ఆదివారం రావద్దని చెబుదాం, జీతం కొయ్యొద్దు" అంది. వదిన, "శనివారం కూడా అత్తయ్యా" అంది.

నూజివీడు అక్క:
రెండు రోజులూ ఇవ్వండి తమ్ముడూ, చాలా సంతోషం. కువైట్ అన్నకు వందనాలు, ఆ వచనం నేను పెట్టాల్సింది. ఏడో రోజు విషయంలో మాత్రం నా మాట మారదు. పాస్టరుగారబ్బాయి నా ప్రశ్నకు ఇంకా జవాబివ్వలేదు.