ఇమాటినిబ్‌తో కళ్ల వాపు, పిక్కలు పట్టేయడం: మీకు ఏం పనిచేసింది?

గిస్ట్ కణితికి (జీర్ణకోశంలో వచ్చే ఒక రకం క్యాన్సర్) ఇమాటినిబ్ మాత్రలు రోజుకు 400 మి.గ్రా. వేసుకుంటున్నవాళ్లను, వాళ్లను చూసుకుంటున్నవాళ్లను అడుగుతున్నాను. వికారం సంగతి తేలికే: తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది. రాత్రికి మార్చి, వేసుకున్న వెంటనే పడుకుంటే మాత్రం గుండెల్లో మంట.

అసలు పేచీ మిగతా రెండింటితో. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బిపోయి, మధ్యాహ్నానికి గానీ వాపు తగ్గదు. తలవైపు ఎత్తు పెంచడం, ఉప్పు తగ్గించడం ఎవరికైనా నిజంగా పనిచేశాయా? (ఉన్నట్టుండి బరువు పెరిగినా, ఆయాసం వచ్చినా అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చెప్పాల్సిందే.) రెండోది, అర్ధరాత్రి పిక్కలు, చేతివేళ్లు కొంకర్లు పోవడం. రక్తంలో క్యాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ చూపించుకున్నారా? ఏది తక్కువొచ్చింది? మెగ్నీషియం మాత్రలతో విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయా?

కణితిలోని కిట్ అనే జన్యువులో, ఎక్సాన్ 9 అనే భాగంలో మార్పు ఉందని 800 మి.గ్రా.కు పెంచినవాళ్లు 400 చొప్పున రెండు పూటలా వేసుకున్నప్పుడు వాపు ఎంత పెరిగింది? మోతాదు తగ్గించాల్సి వచ్చిందా? ఎన్ని నెలలుగా, ఎంత మోతాదు వాడుతున్నారో కూడా రాయండి. అది లేకపోతే జవాబులు పోల్చుకోవడం కష్టం.