దాళ్వా వరిలో ఆరుతడి: గొట్టం ఎలా పెట్టాలి?

గుణుపూర్_రైతు:
వంశధార పక్కన ఎకరం దాళ్వా (రెండో పంట వరి), బోరు నీళ్లు. మడి మధ్యమధ్యలో ఆరబెడితే మీథేన్ తగ్గుతుందంటున్నారు. నేలలో నీటి మట్టం చూసే గొట్టం ఎలా పెట్టాలి? దిగుబడి పడిపోదా?

గట్టుమీద:
4 అంగుళాల పీవీసీ గొట్టం అడుగు ముక్క కోయండి. కింది 8 అంగుళాలకు చుట్టూ రంధ్రాలు వేసి, ఆ మేరకే పాతండి. 4 అంగుళాలు పైకి ఉండాలి. లోపలి మట్టి మొత్తం తోడేయాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. గట్టుకు దగ్గరగానే పెట్టండి, చూడ్డానికి వీలు. పల్లంలో మాత్రం వద్దు, మిట్ట ఎండిపోతున్నా తెలియదు.

నాట్లు ఊడ్చాక రెండు వారాలు నీళ్లు నిలపండి, లేదంటే కలుపు. తర్వాత గొట్టంలో నీరు నేల మట్టానికి 6 అంగుళాల కిందికి దిగాకే బోరు మోటారు వేసి, 2 అంగుళాలు నిలిపితే చాలు. ఈ హద్దు దాటకపోతే దిగుబడికి ఢోకా లేదు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం ఆరబెట్టొద్దు, గింజలు తాలుగా మారతాయి.

మట్టిపరీక్ష:
గాలి ఆడని బురదలో గడ్డి, వేళ్లు కుళ్లి మీథేన్ పుడుతుంది. ఎక్కువ భాగం వరి కాడల గుండానే పైకి పోతుంది. 2019 ఐపీసీసీ (ఐరాస వాతావరణ మార్పుల సంఘం) లెక్కల ప్రకారం, ఎప్పుడూ నీళ్లుండే మడి కంటే ఒకసారి ఆరబెట్టిన దానిలో 29 శాతం, పలుమార్లు ఆరబెట్టిన దానిలో 45 శాతం తక్కువ.

గొట్టం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. సార్వా (వానాకాలం పంట) గడ్డిని దమ్ముకు (నీళ్లు పెట్టి బురద దున్నడానికి) ముందురోజు కలియదున్నితే మీథేన్ ఎగదన్నుతుంది. కనీసం నెల ముందే దున్నేయండి. యూరియా కూడా అంతే, తడి ఆరుతున్న మడిలో ఎక్కువ చల్లితే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. వందేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. విడతలుగా, నీళ్లు పెట్టే ముందు చల్లండి.

గుణుపూర్_రైతు:
మడి పైన నీళ్లు లేవు, గొట్టంలో మాత్రం నిండుగా ఉన్నాయి. ఎలా?

గట్టుమీద:
రంధ్రాలు బురదతో మూసుకుపోయాయి. పీకి కడిగి మళ్లీ దించండి. ఇకపై ముందు చెంబుడు నీళ్లు పోసి చూడండి, లోపలా బయటా మట్టం ఒకటవ్వాలి. మరీ ఒక్కరోజులో ఆరు అంగుళాలు దిగిపోతే గట్టుకు ఎండ్రకాయ బొరియలున్నాయేమో వెతకండి. ఇసుక నేలైతే ఈ పద్ధతి పెద్దగా కలిసిరాదు.

పర్లాకిమిడి_చెరువు:
చెరువు కింద సార్వాకి ఇదంతా కుదరదండీ, వాన మన చేతిలో లేదు, పై మడి నీళ్లు మన మడిలోకే వస్తాయి. పిలకలు వేయడం అయ్యాక, చిరుపొట్టకు (కంకి పుట్టే దశకు) ముందు, వాన తెరిపిచ్చినప్పుడు ఒక్కసారి మడి తూము తీసి, నీళ్లు బయటికి వదిలి ఆరగట్టండి. సన్న నెర్రెలు కనబడగానే మళ్లీ నీళ్లు పెట్టేయాలి.