కుక్క ఉన్న ఇంట్లోకి పిల్లిని తెస్తే ఎలా అలవాటు చేయాలి?

ప్రశ్న (మధురవాడ):
రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మూడేళ్ళ ల్యాబ్రడార్ ఉంది, ఏడాది వయసున్న పిల్లి రాబోతోంది. మొదటి రోజు నుంచి ఏం చేయాలి? తిండి, పిడుదుల మందు రెంటికీ ఒకటే వాడొచ్చా?

జవాబు (సీతమ్మధార):
రాగానే ఎదురెదురుగా పెట్టకండి. పిల్లికి ఒక గది ఇచ్చేసి తిండి, నీళ్ళు, లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకి వాడే పళ్ళెం) అందులోనే ఉంచి తలుపు వేయండి. పిల్లి దుప్పటి కుక్క దగ్గర, కుక్క పడుకునే గుడ్డ పిల్లి దగ్గర రోజూ వేయండి. ముందు వాసన అలవాటు కావాలి. తర్వాత మూసిన తలుపుకి అటూ ఇటూ, ఆరడుగుల దూరంలో గిన్నెలు పెట్టి ఒకే వేళకు తిండి పెట్టండి. కుదురుగా తింటుంటే కొంచెం కొంచెం దగ్గరికి జరపండి. పిల్లి తినడం మానేస్తే మీరు తొందరపడ్డట్టే, మళ్ళీ దూరం పెంచండి.

ముఖాముఖి చూపించేటప్పుడు కుక్కకి బెల్టు, తాడు ఉండాలి. అయిదు నిమిషాలు చాలు. పిల్లిని ఎత్తుకోకండి, బెదిరితే మీ చేతులు రక్కేస్తుంది. కుక్క ఒళ్ళు బిగించి, రెప్ప వేయకుండా చూస్తోందంటే అది ఆట కాదు, వేట. పేరు పిలిచినా మీ వైపు తిరగకపోతే ఆ పూటకి ఆపేయండి. వారాలు పట్టినా ఫర్వాలేదండి.

జవాబు (ఎంవీపీ కాలనీ):
కుక్కకీ పిల్లికీ తోక భాష దగ్గరే తేడా వస్తుంది. పిల్లి తోక టపటపా కొట్టిందంటే చిరాకు, నిటారుగా ఎత్తి వస్తే స్నేహం. కుక్కకి ఇది తెలియదు, ఆడుకుందామని మీదికెళ్ళి ముక్కు మీద గోళ్ళు తింటుంది. అందుకే బీరువా పైన, అటక మీద పిల్లికి చోటు ఉంచండి. లిట్టర్ ట్రే కుక్కకి అందకూడదు, అందులోది తినేస్తుంది. బాల్కనీకి వల తప్పనిసరి.

జవాబు (గాజువాక):
తిండి వేరే. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే అందాలి, లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. కుక్కల తిండిలో పిల్లికి సరిపడా ఉండదు.

పిడుదుల మందు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. మన ఉక్కకి పిడుదులు తగ్గవు కాబట్టి మెడ మీద వేసే చుక్కల మందు అందరూ వాడతారు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి విషమే, దాని కాలేయం ఆ మందుని విరిచేయలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. కుక్కని నాకినా, ఆనుకుని పడుకున్నా చాలు. కుక్కకి మాత్ర రూపంలో ఇచ్చే మందు డాక్టరుని అడగండి. పారాసెటమాల్ కూడా పిల్లికి అసలు వేయకూడదు.

ప్రశ్న అడిగినవారు:
నిన్ననే కుక్కకి ఆ చుక్కలు వేశాం, పెట్టె మీద పెర్మెత్రిన్ అనే ఉంది. పిల్లి రేపు వస్తోంది.

జవాబు (గాజువాక):
వేసినప్పటి నుంచి కనీసం 72 గంటలు రెంటినీ కలవనివ్వకండి, కుక్క పడుకున్న దుప్పటి కూడా పిల్లి గదిలోకి వెళ్ళకూడదు. వాసన మార్పిడి ఆ తర్వాతే. పొరపాటున అంటుకుంటే గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో పిల్లి ఒళ్ళు కడిగి, మందు పెట్టె చేతిలో పట్టుకుని వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వణుకు మొదలయ్యేదాకా ఆగొద్దు.